బొమ్మ కారుకి కూలింగ్ గ్లాసులు: టింట్ ఎక్కడ చెడుద్ది, ఎందుకు చెడుద్ది

స్కేల్ మోడల్స్, అంటే ప్లాస్టిక్ ముక్కల కిట్ తెచ్చి అసలు బండికి చిన్న నకళ్లు, కట్టేవాళ్లని ఎవర్ని కదిలించినా బాడీ పెయింట్ గురించి గంటసేపు చెప్తారు, ప్రైమర్ ఏది, ఎన్ని కోట్లు, పాలిష్ ఏ గుడ్డతో, అన్నీ. గ్లాసుల దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆ ఏముంది, స్మోక్ కొట్టేస్తే సరి" అని తేల్చేస్తారు, స్మోక్ అంటే అద్దానికి వేసే పొగరంగు టింట్. నెలరోజుల పని పది నిమిషాల్లో పాడయ్యేది సరిగ్గా అక్కడే. కిట్ మొత్తంలో రెండో ఛాన్స్ ఇవ్వని పార్టు ఏదన్నా ఉందంటే అది క్లియర్ పార్టే, అంటే అద్దాలకీ లైట్లకీ వచ్చే పారదర్శక ప్లాస్టిక్ ముక్క, ఒకటే స్ప్రూ (పార్టులు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్) వస్తుంది, ఒకటే విండ్‌షీల్డ్ ఉంటది, బాడీ మీద గీత పడితే పుట్టీ పెట్టి రుద్ది పైన రంగు కొట్టి కప్పేయొచ్చు గానీ గ్లాసుని కప్పేస్తే ఇంక అది గ్లాసెందుకవుద్ది. చెన్నైలో ఉండేవాళ్లకి దీనికి తోడు గాలి కూడా పగబట్టినట్టే ఉంటది, ఆ సంగతి కిందకొస్తది.

ముందు అసలు టింట్ అంటే ఏం జరుగుతోందో చూస్తే సగం తప్పులు వాటంతటవే అర్థమైపోతాయి. మామూలు ఎర్ర పెయింట్‌లో పిగ్మెంట్ రేణువులు ఉంటాయి, అవి మీద పడ్డ వెలుతుర్ని చెదరగొట్టి వెనక్కి పంపిస్తాయి, కిందేముందో కనపడనివ్వవు. క్లియర్ రెడ్ లాంటి వాటిల్లో ఉండేది డై, లేదంటే వెలుతుర్ని చెదరగొట్టలేనంత సన్నటి పిగ్మెంట్. వెలుతురు దాంట్లోంచి దూరిపోద్ది, పోతూ పోతూ కొంత సుంకం కట్టి పోద్ది, అంతే. అందుకే మామూలు నల్ల పెయింట్‌ని నీళ్లలా పల్చన చేసి "ఇదే స్మోక్" అని కొట్టేవాళ్ల గ్లాసులు కూలింగ్ గ్లాసుల్లా ఉండవు, వంటింటి కిటికీకి మసి పట్టినట్టు ఉంటాయి. నలుపు రేణువులు ఎంత పల్చన చేసినా రేణువులే.

ఇప్పుడు లెక్క. ఒక కోటు మీద పడ్డ వెలుతుర్లో 80 శాతాన్ని పోనిస్తది అనుకుందాం. రెండో కోటు ఇంకో 20 తీసేసి 60 చెయ్యదు, మిగిలిన 80లో 80 శాతాన్ని పోనిస్తది, అంటే 64. మూడో కోటుకి 51, నాలుగుకి 41, ఐదుకి 33 దాకా దిగుద్ది. బాగానే ఉంది కదా, మూడో వంతు వెలుతురు ఇంకా పోతోంది అనిపిస్తుంది, కానీ మోడల్ మీద జరిగేది అది కాదు. బయట లైట్ గ్లాసులోంచి లోపలికెళ్లాలి, సీటు మీద పడాలి, మళ్లీ అదే గ్లాసులోంచి బయటికొచ్చి కంటికి తగలాలి, అంటే సుంకం రెండుసార్లు. 33 శాతంలో 33 శాతం అంటే 11. పైగా ఆ సీటు ఏ రంగు? ఎక్కువ కార్లలో నలుపో ముదురు బూడిదో, దాని మీద పడ్డ వెలుతుర్లో వెనక్కొచ్చేదే కొద్దిగా. మొత్తానికి ఐదు కోట్లు కొట్టినాయన డాష్‌బోర్డు మీద మీటర్ ముళ్లు పెయింట్ చెయ్యడానికి పెట్టిన రెండు ఆదివారాలు వృథా, లోపలేముందో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు.

మరి కొట్టేటప్పుడు ఎందుకు తెలీదంటే, చూసే పద్ధతి వల్ల. పార్టుని క్లిప్పుకి పెట్టి ట్యూబ్‌లైట్‌కి ఎత్తి చూస్తారు, అప్పుడు వెలుతురు ఒక్కసారే దాటుద్ది. లేదంటే తెల్ల కాగితం మీద పెట్టి చూస్తారు, కాగితం పడ్డదంతా తిరిగి పంపిస్తది కాబట్టి గ్లాసు లేతగానే కనపడుద్ది. రెండూ మోసమే. సరైన పద్ధతి ఒకటే, ఇంటీరియర్ బిగించిన బాడీ మీద పార్టుని ఊరికే ఆనించి, మోడల్ ఆఖరికి ఏ అల్మారాలో ఏ లైట్ కింద ఉండబోతోందో అక్కడ పెట్టి, చెయ్యి చాపినంత దూరం నుంచి చూడ్డం. "ఇంకొక్క కోటు పడితే బావుంటదేమో" అనిపించిన చోట ఆపేస్తే దాదాపు ఎప్పుడూ అదే కరెక్ట్. స్కేల్ తగ్గేకొద్దీ టింట్ కూడా తగ్గాలి, 1/24కి (అసలు బండిలో 24వ వంతు సైజు) నచ్చిన నలుపు 1/64కి కొడితే బొగ్గు ముక్కలా ఉంటది.

అసలు బండికి ఎంత ఉంటదో కూడా తెలిసుండాలి. మన దగ్గర 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 100వ రూల్ ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో నల్ల ఫిల్ములు పీకించే డ్రైవ్‌లు దేశమంతా నడిచాయి, చెన్నైలోనూ సిగ్నళ్ల దగ్గర పోలీసులు ఆపి ఒలిపించారు. కాబట్టి తమిళనాడు నంబర్ ప్లేట్ పెట్టి 2015 మోడల్ సెడాన్ కట్టి అద్దాలు కటిక నలుపు కొట్టారంటే బండి అందంగా ఉండొచ్చు గానీ నమ్మబుద్ది కాదు. అదే 2005 నాటి ఎస్‌యూవీ అయితే, తెల్ల బాడీ, నల్లద్దాలు, ముందు జెండా రాడ్, అప్పుడు ఎంత నలుపైనా చెల్లుద్ది. టింట్ కూడా బండి పుట్టిన సంవత్సరం చెప్పేస్తది.

కంపెనీ అద్దం రంగు అసలు నలుపు కాదు, ఇది చాలామంది చూసీ చూడని విషయం. కార్ గ్లాసుకి ఆ లేత ఆకుపచ్చ ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది, ఇనుము పాలు పెంచితే పచ్చదనం పెరుగుద్ది, వేడి తెచ్చే కిరణాలు కూడా కొంత ఆగుతాయి. శ్రీపెరంబుదూర్‌లో 2000లో మొదలైన సెయింట్ గోబైన్ గ్లాసు ఫ్యాక్టరీ మీదుగా బెంగళూరు హైవేలో పొయ్యేవాళ్లకి గ్లాసు పలకలు నిలువునా పేర్చుకుని పొయ్యే లారీలు కనపడతాయి, ఆ పలకల అంచు చూడండి, మధ్యలో నీళ్లలా ఉన్నదే అంచు దగ్గర ముదురు ఆకుపచ్చగా ఉంటది. ఎందుకంటే అంచులోంచి చూస్తే వెలుతురు చాలా ఎక్కువ గ్లాసుని దాటి వస్తోంది. సరిగ్గా ఇదే మోడల్‌లో తిరగబడుద్ది. కిట్‌లో క్లియర్ పార్టు మందం ఒక మిల్లీమీటర్ అనుకుంటే 1/24 స్కేల్లో అది 24 మిల్లీమీటర్ల అద్దం, నిజం కారులో పక్క అద్దం నాలుగైదు మిల్లీమీటర్లు కూడా దాటదు. అందుకే మోడల్ అద్దాలు అంచుల్లో భూతద్దంలా వంకర చూపిస్తాయి, టింట్ పడ్డాక ఆ అంచు ఇంకా మందంగా కనపడుద్ది. అంచుని సన్నటి నల్ల పెర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీసేస్తే ఈ రోగం చాలావరకు దాక్కుంటది. చిన్న పనే గానీ చాలామంది చెయ్యరు.

రంగు కలపడం దగ్గర అందరికీ దొరికేది టామియా అనే మోడల్ కంపెనీ ఆక్రిలిక్ వరస, ఎక్స్-19 స్మోక్, ఎక్స్-23 క్లియర్ బ్లూ, ఎక్స్-24 క్లియర్ ఎల్లో, ఎక్స్-25 క్లియర్ గ్రీన్, ఎక్స్-26 క్లియర్ ఆరెంజ్, ఎక్స్-27 క్లియర్ రెడ్. స్మోక్‌లో కొంచెం గోధుమ ఛాయ ఉంటది, పాత బండ్లకి బాగానే ఉంటది గానీ కొత్త కారుకి టీ డికాక్షన్ పూసినట్టు అనిపిస్తే క్లియర్ బ్లూ ఒక చుక్క వేస్తే సర్దుకుంటది. ఆకుపచ్చ అద్దానికి క్లియర్ గ్రీన్‌లో నీలం చుక్క, స్మోక్ చుక్క, ఇక ఆ మొత్తాన్ని రంగు లేని ఎక్స్-22 క్లియర్‌లో ఒకటికి పది పాళ్లు కలపాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, పల్చన చెయ్యడానికి ఒట్టి థిన్నర్ పోసుకుంటూ పోతే రంగుతో పాటు దాన్ని పట్టి ఉంచే బైండర్ కూడా పల్చనైపోద్ది, ఎండాక పైన మెరుపు ఉండదు, గరుకు తేలుద్ది. ఎక్స్-22 పోస్తే రంగు తగ్గుద్ది గానీ బైండర్ తగ్గదు. టామియాలోనే పీఎస్-31 స్మోక్ అని ఒక స్ప్రే డబ్బా ఉంది, పేరు చూసి కొనేస్తారు, అది రిమోట్‌తో నడిచే ఆర్‌సీ కార్ల పాలికార్బొనేట్ బాడీలకి చేసింది, కిట్ ప్లాస్టిక్ మీద కొడితే ప్లాస్టిక్‌నే తినేస్తది.

గరుకు గురించి చెప్పుకుంటే ఒక చిన్న ప్రయోగం చెయ్యొచ్చు. కేటరింగ్ వాళ్లిచ్చే క్లియర్ ప్లాస్టిక్ స్పూన్ ఒకటి తీసుకుని దాని గుంట భాగాన్ని వెయ్యి నంబర్ వాటర్ పేపర్ మీద నాలుగుసార్లు రుద్దితే పాలు అంటుకున్నట్టు తెల్లబడుద్ది. ఇప్పుడు దాని మీద ఒక చుక్క నీళ్లు వేస్తే చుక్క ఉన్నంత మేర మళ్లీ అద్దంలా అయిపోద్ది, కింద పేపర్లో అక్షరాలు చదవొచ్చు, చుక్క ఆరగానే మళ్లీ తెలుపు. జరిగిందేంటంటే ఇలాంటి స్పూన్లకీ కిట్లకీ వాడే పాలిస్టైరీన్ ప్లాస్టిక్ వక్రీభవన సూచిక (దాంట్లోకి దూరేటప్పుడు వెలుతురు ఎంత వంగుద్దో చెప్పే అంకె) దాదాపు 1.59, గాలిది 1, ఈ తేడా వల్ల ప్రతి గీత దగ్గర వెలుతురు విరిగి చెదిరిపోతోంది, నీళ్లు 1.33 కాబట్టి గీతల్లో నీళ్లు నిండగానే తేడా తగ్గిపోయింది. ఆక్రిలిక్ క్లియర్ సుమారు 1.49, ఇంకా దగ్గర. విదేశాల్లో మోడలర్లు ఏళ్ల తరబడి క్లియర్ పార్టుల్ని ఆక్రిలిక్ ఫ్లోర్ పాలిష్‌లో ముంచి తీసేది ఇందుకే, అది మంత్రం కాదు, కంటికి కనపడని గీతలన్నిటినీ పూడ్చేయడం. కొంతమంది అదే పాలిష్‌లో ఫుడ్ కలర్ చుక్కలేసి టింట్ కూడా దాంతోనే కానిచ్చేస్తారు, మొదట్లో బ్రహ్మాండంగా ఉంటది, ఎండ తగిలే చోట పెడితే కొన్నాళ్లకి వెలిసిపోద్ది, లడ్డూకి వేసే రంగు అద్దానికి ఎన్నాళ్లుంటది.

పై ప్రయోగం నుంచి ఇంకో సంగతి కూడా తేలుతోంది. ఎయిర్‌బ్రష్‌ని (గాలితో రంగు చిమ్మే చిన్న గన్ను) దూరం పట్టుకుని కొడితే రంగు చుక్కలు దార్లోనే సగం ఎండిపోయి పార్టు మీద పొడిలా పడతాయి, అది కూడా గరుకే, అదీ తెలుపే. టింట్ బాగా పడలేదనుకుని పైన ఇంకో కోటు వేస్తారు, నిజానికి రంగు చాల్లే, నునుపు లేదు. అప్పుడు కావాల్సింది స్మోక్ కాదు, ఒక తడి కోటు ఒట్టి క్లియర్.

ఇంక చెన్నై గాలి. అక్టోబర్ ఆఖరు, సాయంత్రం, పెరంబూర్లో ఒక ఫ్లాట్ బాల్కనీ, బయట సన్నగా తుంపర, లోపల వైర్ మీద లుంగీలు ఆరక వేలాడుతుంటే ఒకాయన రేపు ఆదివారం టైం ఉండదని లాకర్ (ఘాటైన థిన్నర్‌తో చాలా వేగంగా ఆరే పెయింట్) స్మోక్ డబ్బా ఊపి విండ్‌షీల్డ్ మీద కొట్టాడు. పడగానే తళతళ, అద్భుతం. ఒక నిమిషం తర్వాత మూలల్నుంచి మొదలై పొగమంచులా తెలుపు పాకింది, ఐదు నిమిషాల్లో అద్దం మొత్తం మజ్జిగ నీళ్లు ఎండినట్టు అయిపోయింది. డబ్బా పాతదయ్యుంటది అనుకుని ఇంకో కోటు కొట్టాడు, ఇంకా తెల్లబడింది. డబ్బా తప్పేం లేదు. లాకర్లో సాల్వెంట్ (రంగుని కరిగించి ఉంచే ద్రవం) చాలా వేగంగా ఆవిరైపోద్ది, అయిపోతూ ఆ ఉపరితలం వేడిని లాక్కుపోద్ది, పార్టు చల్లబడుద్ది, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీల్ చెంబుకి బయట నీళ్లు పట్టినట్టే గాల్లో తేమ వచ్చి ఆ తడి పెయింట్ మీద కూర్చుంటది, పెయింట్ ఆరేలోపు లోపలే చిక్కుకుపోద్ది. దీన్నే బ్లషింగ్ అంటారు. ఎర్ర బాడీ మీద అయితే కొంచెం మసకబారినట్టుంటది అంతే, క్లియర్ పార్టు మీద మాత్రం ఇంక దాచుకోడానికి చోటే లేదు.

ఇలా అయినప్పుడు చేసే పని ఇంకో కోటు కొట్టడం కాదు, ముందు ఆగడం. వాన లేని రోజు చూసి, నిదానంగా ఆరనిచ్చే రిటార్డర్ కలిసిన థిన్నర్‌ని పొగలాగా పల్చగా మీద వదిలితే పై పొర మళ్లీ కొంచెం కరిగి తేమ బయటికి పోయి తెలుపు తగ్గొచ్చు, ఎక్కువ పడితే మాత్రం గ్లాసు పోయినట్టే. ముందే జాగ్రత్త పడటం నయం. చెన్నైలో తెల్లవారుజామున తేమ బాగా ఎక్కువ, ఎండెక్కేకొద్దీ తగ్గుద్ది, మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక మళ్లీ పెరుగుద్ది, కాబట్టి పదకొండు నుంచి గాలి తిరిగేలోపు దొరికే ఆ కాసేపే స్ప్రే టైం. ఏసీ రూంలో తేమ తక్కువ కదా అని తలుపులు మూసుకుని లాకర్ కొట్టేవాళ్లున్నారు, తేమ సంగతి నిజమే గానీ ఆ ఆవిరి ఊపిరితిత్తులకీ మంచిది కాదు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటది కూడా. ఎయిర్‌బ్రష్‌కి కంప్రెసర్ వాడేవాళ్లకి ఇంకో తలనొప్పి, గాలిని నొక్కేకొద్దీ దాంట్లో తేమ నీళ్లుగా మారి ట్యాంకులో చేరుద్ది, ఆ తేమని మధ్యలో పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ లేకపోతే సరిగ్గా ఆఖరి పాస్‌లో ఒక చుక్క తుపుక్కున పడుద్ది. ఆక్రిలిక్‌లకి ఈ తెల్లబడే రోగం చాలా తక్కువ, బదులుగా ఆరడానికి చాలా టైం తీసుకుంటాయి, క్లియర్ రెడ్ అయితే మూడ్రోజులైనా వేలు పెడితే ముద్ర పడుద్ది. పైగా ఆక్రిలిక్ తేడా వస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేసుకుని మళ్లీ మొదలెట్టొచ్చు, లాకర్‌ని క్లియర్ పార్టు మీద నుంచి తియ్యాలంటే దాన్ని కరిగించేది ప్లాస్టిక్‌నీ కరిగిస్తది. మొదటిసారి చేసేవాళ్లకి ఏది అని అడగాల్సిన పనే లేదు.

కరిగించడం అంటే గుర్తొచ్చింది, కిట్‌లో బూడిద రంగు స్ప్రూ, క్లియర్ స్ప్రూ రెండూ పాలిస్టైరీనే గానీ ఒకే ప్లాస్టిక్ కాదు. బాడీకి వాడేదాంట్లో రబ్బరు కలుపుతారు, కొంచెం వంగుద్ది, దెబ్బ తట్టుకుంటది. రబ్బరు కలిపితే మసకబారుద్ది కాబట్టి క్లియర్ దాంట్లో కలపరు, అందుకే అది పెళుసు, కట్ చేస్తుంటే టక్కున చీలేది కూడా అందుకే. అచ్చులో పోసి చల్లార్చినప్పుడు లోపల బిగువు ఉండిపోద్ది, దాని మీద ఘాటైన సాల్వెంట్ పడిందంటే ఆ బిగువంతా సన్నటి పగుళ్లుగా బయటపడుద్ది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో జరిగేది ఇదే. నెయిల్ పాలిష్ కూడా అంతే, లేత గులాబీ ట్రాన్స్‌పరెంట్ నెయిల్ పాలిష్ చూసి టెయిల్ లైట్‌కి భలే ఉంటదనిపిస్తది, దాంట్లో ఉండే ఎసిటేట్ సాల్వెంట్లు పాలిస్టైరీన్‌ని కరిగించేస్తాయి. గీతలైతే పాలిష్ పేస్టుతో పోతాయి, ఈ పగుళ్లు లోపలికి దిగి ఉంటాయి కాబట్టి ఎంత రుద్దినా పోవు. స్టేషనరీ షాపుల్లో పిల్లల క్రాఫ్ట్ కోసం అమ్మే గ్లాస్ కలర్స్ ఉన్నాయి కదా, వాటిల్లో నీళ్ల బేస్‌వి చిన్న లైట్లకి పనికొస్తాయి, ఖరీదు కూడా తక్కువే, సాల్వెంట్ బేస్‌వి మాత్రం ముందు అదే కిట్ క్లియర్ స్ప్రూ ముక్క మీద వేసి ఒక రాత్రి వదిలి చూసుకోవాలి. స్పూన్ మీద కాదు, స్ప్రూ మీద. వేడినీళ్లలో బట్టల రంగు కలిపి నానబెట్టే పద్ధతి ఒకటి తిరుగుతుంటది, అది నైలాన్ చక్రాలకి పనిచేస్తది, పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడిపోద్ది, మరిగే నీళ్లలో వేసిన విండ్‌షీల్డ్ అప్పడంలా బయటికొస్తది.

లైట్ల సంగతి వేరే ప్రపంచం, ఇక్కడ చిన్న బ్రష్ చాలు. కానీ బ్రష్‌తో వేసినప్పుడు అంచుల్లో ముదురు గీత, మధ్యలో లేత మచ్చ ఎందుకొస్తదో డబరా కింద ఆరిన కాఫీ మరక చూస్తే తెలుస్తది. చుక్క అంచు దగ్గర తడి ముందు ఆరుద్ది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి ద్రవం అంచుకి పారుద్ది, పారుతూ రంగుని మోసుకుపోద్ది. 1997లో చికాగో యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లు నేచర్ పత్రికలో దీని లెక్క తేల్చారు, దాన్ని కాఫీ రింగ్ అనే పిలుస్తారు. మోడల్ దగ్గరికొస్తే దీనికి విరుగుడు, రంగులో రిటార్డర్ చుక్క వేసి నిదానంగా ఆరనివ్వడం, లెన్స్‌ని నేలకి సమంగా పెట్టడం, ఒకటే సారి నిండుగా వేసి మళ్లీ బ్రష్ ముట్టించకపోవడం. సగం ఆరినదాన్ని మళ్లీ గెలికితే అంతే సంగతులు.

లైట్లో జీవం వచ్చేది పైనున్న ఎరుపు వల్ల కాదు, వెనకున్న వెండి వల్ల. ఎర్ర లెన్స్ వెనక బూడిద ప్లాస్టిక్ ఉంటే వెలుతురు లోపలికెళ్లి అక్కడే ఆగిపోద్ది, లైట్ గడ్డకట్టిన రక్తంలా ఉంటది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క వెనక పెట్టండి, అదే లెన్స్ వెలిగించినట్టు ఉంటది. ఏ రంగు ఎక్కడ అనేది కూడా బండి ఊరుని బట్టి ఉంటది. మన దగ్గర ఇండికేటర్ ఆరెంజ్, అమెరికాలో వెనక ఇండికేటర్ ఎరుపు ఉన్నా ఒప్పుకుంటారు, అందుకే పాత అమెరికన్ కార్లకి వెనకంతా ఎరుపే ఉంటది, అలవాటు కొద్దీ దానికి ఆరెంజ్ వేస్తే తెలిసినోళ్లు నవ్వుతారు. ఫ్రాన్స్ కార్లకి 1993 దాకా హెడ్‌లైట్లు పసుపు ఉండాలని రూలు, పాత సిట్రోయెన్ కడుతుంటే క్లియర్ ఎల్లో పల్చగా ఒక కోటు. ఇక మన పాత అంబాసిడర్లకీ లారీలకీ హెడ్‌లైట్ పై సగానికి నలుపు పూసేవాళ్లు, లేదంటే మధ్యలో నల్ల బొట్టు పెట్టేవాళ్లు, ఎదుటోడి కళ్లల్లో పడకుండా. ఆ బొట్టు పెట్టిన మోడల్ ఒక్కటీ కనపడదు, ఎంత అన్యాయం, ఒక్క చుక్క నల్ల రంగుతో బండి మనూరిదైపోద్ది కదా.

లైట్లు నిజంగానే వెలగాలనుకునేవాళ్లు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌కి పోయి తెల్ల ఎల్ఈడీలు తెచ్చి ఎర్ర లెన్స్ వెనక పెడతారు, లైట్ చప్పగా వస్తది. తెల్ల ఎల్ఈడీ అసలు నీలం ఎల్ఈడీయే, పైన పసుపు ఫాస్ఫర్ పూత ఉంటది, ఆ తెలుపులో ఎరుపు పాలు తక్కువ, ఎర్ర లెన్స్ మిగతా అంతా ఆపేసి ఆ కొంచెమే బయటికి పంపిస్తది. ఎర్ర లెన్స్‌కి ఎర్ర ఎల్ఈడీ, ఆరెంజ్‌కి ఆంబర్, అడిగితే అక్కడే ఇస్తారు.

ఇంత పెయింట్ గోల లేకుండా టింట్ వేసే దారి ఒకటుంది, చెన్నైలో మౌంట్ రోడ్ పక్కన జీపీ రోడ్‌లో కార్ యాక్సెసరీస్ షాపుల ముందు ఫిల్ము కత్తిరించగా మిగిలిన ముక్కలు. నవ్వుతూ అడిగితే ఊరికే కూడా ఇస్తారు. ఫిల్ముతో వచ్చే లాభం ఏంటంటే 70, 50, 35 అని ఎంత వెలుతురు పోతదో ముందే తెలిసుంటది, కోట్లు లెక్కపెట్టే పని లేదు. సమతలంగా ఉన్న అద్దానికి మాత్రమే అంటుకుంటది, అన్ని వైపులా వంపు తిరిగిన కారు వెనకద్దం మీద ముడతలు పడుద్ది. సన్‌బోర్డుతో (తేలికైన ఫోమ్ షీటు) బస్సులు కట్టేవాళ్లకి ఇది వరం, వోల్వో పక్కద్దాలన్నీ పలకలే కదా. పెరంబూర్‌లో రైలు పెట్టెలు చేసే ఐసీఎఫ్‌లో పుట్టిన వందే భారత్‌ని చిన్న స్కేల్లో కట్టేవాళ్లకి కూడా ఆ పొడుగాటి నల్లటి కిటికీ పట్టీకి స్ప్రే కన్నా ఫిల్మే నీటుగా వస్తది. అంటించేది కూడా షాపులో కుర్రాళ్లు చేసినట్టే, షాంపూ చుక్క కలిపిన నీళ్లు చల్లి, ఫిల్ము జరిపి సరి చేసుకుని, పాత ఏటీఎం కార్డు అంచుతో నీళ్లు బయటికి తోసేయడం.

చివరి పని బిగించడం, దాంతోపాటు అద్దం చుట్టూ ఉండే నల్ల బోర్డర్. నిజం కారులో అది గ్లాసు లోపలి వైపు అచ్చేసి కాల్చిన సిరామిక్ రంగు, కాబట్టి మోడల్‌లో కూడా లోపలివైపే వెయ్యాలి, టింట్ కూడా లోపలివైపే, బయట ముఖం ముట్టుకోకుండా వదిలేస్తే మెరుపు దానంతటదే ఉంటది. ఏది ముందు అంటే బోర్డర్ ముందు, అదీ లాకర్‌తో పల్చగా, పూర్తిగా ఆరాక దాని మీదుగా ఆక్రిలిక్ టింట్. తిరగేసి చేస్తే మెత్తటి టింట్ మీద మాస్కింగ్ టేప్ వెయ్యాల్సొస్తది, టేప్ పీకినప్పుడు టింట్ కూడా వెంట వస్తది, రాకపోయినా జిగురు గీతలు మిగులుతాయి.

గ్లూ దగ్గర సూపర్ గ్లూ జోలికి పోకూడదు. దాని ఆవిరి తేమతో కలిసి గట్టిపడి తెల్ల బూడిదలా అంటుకుంటది, చెన్నై తేమకి ఇంకా ఎక్కువ, పైగా ఆ ఆవిరి చర్మం జిడ్డు ఉన్నచోటే బాగా పట్టుద్ది, వేలిముద్రలు బయటపెట్టడానికి పోలీసు ల్యాబుల్లో వాడేది ఇదే పద్ధతి. బాడీ, ఛాసిస్ బిగించి మూసేశాక మర్నాడు చూస్తే విండ్‌షీల్డ్ లోపలివైపు కట్టినాయన బొటనవేలి ముద్ర తెల్లగా తేలి ఉంటది, ఇంక దాన్ని తుడవడానికి వేలు దూరే దారుండదు. మామూలు తెల్ల ఫెవికాల్ పుల్లతో అంచుల్లో సన్నగా పెట్టి, టేప్‌తో పట్టించి, దుమ్ము పడకుండా పైన స్టీల్ డబ్బా బోర్లించి వదిలేస్తే చాలు. పెట్టినప్పుడు తెల్లగా కనపడి కంగారు పుడుద్ది గానీ తెల్లారేసరికి దాదాపు క్లియర్ అయిపోద్ది, వానాకాలం అయితే ఇంకో పూట పడుద్ది.